జ్ఞానమ్మగారికి పదిహేడు మార్కులు

రేపల్లెలో మా వృద్ధాశ్రమానికి 1993లో పై ఆఫీసు నుంచి ఒక ఫారం వచ్చింది. లేవడం, నడవడం, తినడం, స్నానం చేయడం, ఇవాళ ఏ వారమో చెప్పడం, ఇలా పది ప్రశ్నలు. ఎవరి సాయమూ లేకుండా చేస్తే రెండు మార్కులు, సాయంతో చేస్తే ఒకటి, చేయలేకపోతే సున్నా. మొత్తం పన్నెండు దాటనివాళ్ళకు ఆయాను ఇస్తారు. దాటితే ఇవ్వరు. నర్సును గనుక ఫారాలు నింపే పని నాది. కాగితాలంటే నాకు ఒళ్ళుమంట. అయినా ఈ ఒక్క కాగితం మీద ఆశ పెట్టుకున్నాను, జ్ఞానమ్మగారి కోసం.

ఆవిడ ఆ నెలలో స్నానాల గదిలో రెండుసార్లు పడ్డారు. ఇంకోసారి పడితే తుంటి ఎముక నిలవదన్నారు డాక్టరు. ఆవిడను లేవదీసేది భర్త జ్ఞానానందం మాస్టారే. ఆయనకు డెబ్భై ఎనిమిదేళ్ళు, పైగా హెర్నియా. అమృతలూరు దగ్గర మిషన్ బడిలో హెడ్మాస్టరుగా రిటైరయ్యారు. ఆయా వస్తే ఇద్దరూ బతికిపోతారు.

అందరినీ హాల్లో కూర్చోబెట్టి సంగతి చెప్పాను. "వారం రోజుల్లో ఆఫీసరు వచ్చి చూస్తారు. రోజూ ఎలా చేస్తారో అలాగే చేయండి. గొప్పలకు పోకండి. మార్కులు తగ్గితేనే ఆయా వచ్చేది." ఆ పూట మాస్టారు కళ్ళజోడు కోసం తెనాలి వెళ్ళారు. జ్ఞానమ్మగారు విన్నారు కదా, చెబుతారులే అనుకున్నాను.

ఆ వారమంతా మాస్టారు భార్యను వరండాలో నడిపించారు. మంచం మీద నుంచి లేపడం, కూర్చోబెట్టడం, మళ్ళీ లేపడం. ఒంటికి మంచిదేగా అని ఊరుకున్నాను. అక్కడే నా బుద్ధి గడ్డి తిన్నది. డిప్యూటీగారు ఇన్‌స్పెక్షన్‌కు వస్తున్నారంటే వారం ముందు నుంచే పిల్లలకు జవాబులు బట్టీ పట్టించడం ఆ బళ్ళలో ఆనవాయితీ. ఈయన ముప్పై అయిదేళ్ళు అదే చేసిన మనిషి. ఆఫీసరు వచ్చి మార్కులు వేస్తారన్న మాట ఒక్కటే ఆయన చెవిన పడింది.

బాపట్ల నుంచి ఆఫీసరు వచ్చేసరికి జ్ఞానమ్మగారు గంజి పెట్టిన తెల్లచీర కట్టుకుని, తలకు నూనె రాసుకుని సిద్ధంగా ఉన్నారు. లేవమంటే లేచారు. నడవమంటే గోడ పట్టుకోకుండా నడిచారు. చెంబెత్తి నీళ్ళు పోసుకోవడం చూపించారు. ఇవాళ ఏ వారం అంటే, "బుధవారమండి" అని తడుముకోకుండా చెప్పారు. మాస్టారు ఆఫీసరు వెనక నిలబడి వేళ్ళతో సైగలు చేస్తున్నారు. కొరివితో తల గోక్కోవడమంటే ఇదే. చూసింది చూసినట్టు రాయాలి, ఆఫీసరు పక్కనే ఉన్నారు. పదిహేడు వేశాను.

"ఈవిడ చాలా బాగున్నారండి," అని సంతకం పెట్టి ఆయన బస్సుకు వెళ్ళిపోయారు.

మాస్టారు పరుగులాంటి నడకతో వచ్చారు. "పాసైందా సరోజమ్మా?"

"పాసైతే ఆయా రాదండి," అని అసలు సంగతి చెప్పాను. గొంతు కాస్త పెద్దదే చేశాను.

ఆయన బెంచీ మీద కూలబడ్డారు. "మళ్ళీ ఎప్పుడమ్మా?" అన్నారు.

"ఆరు నెలలకండి."

"ఫెయిలవడం నేనెవరికీ నేర్పలేదే," అన్నారు.

ఆ కోపంతోనే గదికి వెళ్ళాను. జ్ఞానమ్మగారు మంచం మీద వాలి ఉన్నారు. కాళ్ళు వణుకుతున్నాయి.

"మీకు తెలుసు కదండీ. మాస్టారికి ఎందుకు చెప్పలేదు?"

"చెబుదామనే అనుకున్నానమ్మా. ఆయనేమో చేతికి వాచీ పెట్టుకుని వచ్చి ఎదురుగా కూర్చున్నారు. ఊళ్ళో పిల్లలందరికీ చదువు చెప్పారు గానీ, యాభై ఏళ్ళలో నాకొక్క అక్షరం చెప్పలేదు. ఈ వారమే నా పక్కన కూర్చుని నేర్పింది."

నా కోపం ఎటు పోయిందో తెలియదు, ఏడుపొచ్చింది. ఆవిడ నా వైపు చెయ్యి చాపారు.

"స్నానాల గది దాకా కాస్త పట్టుకో తల్లీ," అన్నారు. "ఆయన చూడకుండా."