ప్రవల్లికకు కాస్త టైం కావాలి

ప్రవల్లిక నాలుగో తరగతిలో ఉండగా వాళ్ల మామ్మ బొడ్డమ్మ వంటింటి గడప దగ్గర కళ్లు తిరిగి పడిపోయింది. మనవరాలికి చదవడం రాదన్న సంగతి ఇంట్లోవాళ్లకి ఆ రోజే తెలిసింది.

వాళ్లది వజ్రపుకొత్తూరు దగ్గర చిన్న ఊరు. తండ్రి ధనుంజయకు ఎకరన్నర కొబ్బరితోట ఉంది. తల్లి గౌరీశ్వరి పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీ పనికి పొద్దున్నే ఆటోలో వెళ్లిపోతుంది. బొడ్డమ్మకు నాలుగేళ్లుగా కిడ్నీ జబ్బు. ఆ చుట్టుపక్కల అలాంటి మనిషి లేని ఇల్లు వెతుక్కోవాలి. ఆవిడకు మాత్రలు వేసే పని ప్రవల్లికది. ఎర్ర డబ్బాలోది బీపీ మాత్ర, రోజుకు ఒక్కటే. నీలం డబ్బాలోది బలానికి, మూడు పూటలా వేయాలి. ఏడాదిగా ఒక్క పూట తప్పలేదు.

ఎర్ర డబ్బా మూత విరిగిపోవడంతో గౌరీశ్వరి మాత్రలన్నీ ఒకేలాంటి రెండు తెల్ల డబ్బాల్లోకి మార్చింది. ఒకదాని మీద ‘బీపీ’ అని, రెండోదాని మీద ‘బలం’ అని స్కెచ్ పెన్నుతో పెద్దగా రాసి పనికి వెళ్లిపోయింది. ప్రవల్లిక ఆ రెండు డబ్బాలనూ చాలాసేపు తిప్పి తిప్పి చూసింది. లోపలి మాత్రలూ తెల్లగా ఒకేలా ఉన్నాయి. రెండు పేర్లూ ‘బ’తోనే మొదలయ్యాయి. ఆ తర్వాత ఉన్నవి ఆమె కళ్ల ముందు కదిలిపోతున్నాయి. ఎవరినైనా అడగడానికి సిగ్గేసింది. బలానిది ఇదే అయ్యుంటుందిలే అనుకుని ఒక డబ్బా ఎంచుకుంది. రెండు రోజులు బొడ్డమ్మ కడుపులోకి బీపీ మాత్రలు మూడేసి వెళ్లాయి. మూడో రోజు ఆవిడ పడిపోయింది.

పలాస ఆసుపత్రిలో డాక్టరు డబ్బాలు తెరిచి చూసి విషయం చెప్పాడు. ధనుంజయ కూతురి మీదికి చెయ్యెత్తాడు.

“అంతంత అచ్చరాలు రాసుంటే కనబడనేదేటే నీకు? నాలుగో కలాసులో ఏటి సదువుతున్నావు?”

“సూసాను నాన్నా,” అంది ప్రవల్లిక. “రెండూ ఒకేనాగ కనబడ్డాయి.”

మంచం మీంచి బొడ్డమ్మ గొంతు లేచింది. “ఒరే ధనా! గుంట మీద సెయ్యి పడిందంటే ఈ సూది పీకీసి ఇంటికెల్లిపోతాను.”

ధనుంజయ చెయ్యి దించాడు కానీ ఆ రోజంతా కూతురితో మాట్లాడలేదు. ప్రవల్లిక ఆసుపత్రి వరండాలో కూర్చుని, మామ్మకి ఏమైనా అయితే అది తన వల్లేనని లోలోపలే ఏడ్చింది.

రెండు రోజులకు బొడ్డమ్మ ఇంటికి వచ్చింది. చూడటానికి వచ్చినవాళ్లలో బడి మాస్టారు సీతారాం కూడా ఉన్నాడు. యాభై దాటిన మనిషి. అంతా విన్నాడు. తర్వాత ప్రవల్లికను పిలిచి, భుజం మీద చెయ్యి వేసి, డబ్బా మీద ఏం రాసుందో చదవమన్నాడు.

“బ...” అంది. ఇంకోసారి “బ...” అంది. ముక్కు మీద చెమట పట్టింది.

ఈ పిల్ల ఆయన తరగతిలో రెండేళ్లుగా ఉంది. నోటిలెక్క అడిగితే అందరికన్నా ముందు చెప్పేది. పుస్తకం తెరవమంటే మాత్రం దాహం వేసేది, కడుపునొప్పి వచ్చేది. పాఠం చదవమంటే ఇద్దరు ముగ్గురు చదివాక లేచి గడగడా అప్పజెప్పేది. అది చదవడం కాదనీ, వినికిడి మీద నేర్చిందనీ ఆయనకు ఇప్పుడు అర్థమైంది. రాతలో తప్పులు చూసి, బద్ధకం అని వెనక బెంచీలో కూర్చోబెట్టింది ఆయనే. ఇలాంటి పిల్లల గురించి టెక్కలిలో ఒక శిక్షణ కూడా ఇచ్చారు. ఆయన సంతకం పెట్టి, వెనక కుర్చీలో కునుకు తీసి వచ్చాడు.

“తప్పు నాదే ధనుంజయా,” అన్నాడు. “నేను సూసుకోవలసింది. రేపు మండల కేంద్రంలో ప్రమోదిని మేడం దగ్గరికి తీసుకెళ్దాం.”

ప్రమోదిని ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు చదువు చెప్పే టీచరు. ఆమె ఒక కథ చదివి వినిపించి ప్రశ్నలు అడిగితే ప్రవల్లిక ఒక్కటీ తప్పకుండా చెప్పింది. అదే కథ చదవమంటే మొదటి వరుస దాటలేకపోయింది. ‘ప’కీ ‘వ’కీ, ‘మ’కీ ‘య’కీ తేడా పట్టలేదు. వత్తు వచ్చిన ప్రతిచోటా ఆగిపోయింది. అలాంటి పరీక్షలు ఇంకొన్ని పెట్టి, కళ్లూ చెవులూ కూడా చూపించుకు రమ్మని, అవన్నీ అయ్యాక ప్రమోదిని ధనుంజయను కూర్చోబెట్టింది.

“మీ అమ్మాయికి తెలివి తక్కువేం కాదండీ. అక్షరం చూడగానే దాని శబ్దం అందుకోవడంలోనే ఇబ్బంది. దీన్ని డిస్లెక్సియా అంటారు.”

కొత్త జబ్బు పేరు అనుకుని ధనుంజయ మొహం పాలిపోయింది. “దీనికీ మందులోడాలా మేడం? ఎన్నాళ్లు?”

“ఇది జబ్బు కాదు, మందు లేదు. నేర్పే పద్ధతి వేరు, అంతే. రోజూ ఇంట్లో ఇరవై నిమిషాలు కూర్చోవాలి. మీరు తిట్టకూడదు. అదే కష్టం,” అని నవ్వింది.

నిజంగానే అదే కష్టమైంది. చేటలో తడి ఇసుక పరిచి, ఒక్కొక్క అక్షరం వేలితో పెద్దగా రాస్తూ దాని శబ్దం పైకి పలకాలి. ఒక అక్షరం వచ్చేదాకా రెండోదానికి పోకూడదు. మొదటి సాయంత్రం ‘మ’ దగ్గర పది నిమిషాలు గడిచేసరికి ధనుంజయకు ఓపిక చచ్చింది. తిట్టకూడదని గుర్తొచ్చి, లేచి తోటలోకి వెళ్లిపోయాడు.

బొడ్డమ్మ మెల్లగా వచ్చి చేట ముందు కూర్చుంది. “నాకూ రాదు కదే సదువు. నాకు సెప్పు.”

“నీకేటి సెప్పాలి మామ్మా?”

“నువ్వు ఏటి నేర్సుకుంటే అదే.”

అలా మొదలైంది. మామ్మకి చెప్పాలంటే తను ముందు పలకాలి, రాయాలి, మామ్మ వేలు పట్టుకుని దిద్దించాలి. బొడ్డమ్మ ఊరికే ఒప్పుకునే రకం కాదు. “బకి గుడెడితే ఏటవుద్ది? కొమ్మెడితేనో?” అని ప్రాణం తీసేది. “మరి నా పేరెప్పుడు రాత్తాను?” అని ఒక రోజు అడిగింది.

“నీ పేరులో రెండు వత్తులున్నాయే మామ్మా. అప్పుడే కాదు,” అంది ప్రవల్లిక, మాస్టారిలా.

వింటున్న ధనుంజయకు నవ్వొచ్చింది. మర్నాటి నుంచి ఆయనా వచ్చి కూర్చున్నాడు. గౌరీశ్వరి పని నుంచి వచ్చాక పుస్తకంలో ఒక పేజీ చదివి వినిపించేది. ఆమె చదువుతుంటే ప్రవల్లిక వేలితో వరుస వెంట నడిచేది.

బడిలో సీతారాం మాస్టారు ఆమెను ముందు బెంచీకి మార్చాడు. ఉన్నట్టుండి లేపి చదవమనడం మానేశాడు. ఏ నాలుగు వరుసలు చదవాలో ముందురోజే చెప్పి పంపేవాడు. అట్టముక్కకు సన్నటి కిటికీ కోసి ఇచ్చాడు. అది పేజీ మీద పెడితే ఒక్క వరుసే కనిపిస్తుంది. పరీక్షలో ప్రశ్నలు తనే చదివి వినిపించి, సగం జవాబులు నోటితో చెప్పించుకున్నాడు.

అన్ని రోజులూ బాగా సాగలేదు. వానాకాలంలో ఒకసారి, నిన్న వచ్చిన ‘స్త’ ఇవాళ మళ్లీ పోయిందని చేట ఎత్తి విసిరేసింది. ఇల్లంతా ఇసుక. “నాకు రాదు! ఎప్పటికీ రాదు!” అని అరిచింది. ధనుంజయ కోప్పడలేదు. చీపురు తెచ్చి ఇసుక ఊడ్చాడు.

“నాకు సెట్టెక్కడం రావడానికి రెండేళ్లు పట్టింది. మా నాన్న కింద నిలబడి తిడతానే ఉండేవోడు. ఆ తిట్లకే రెండుసార్లు పడ్డాను,” అన్నాడు. “ఇయాల్టికి ఒగ్గేయ్. రేపు సూద్దాం.”

ఐదో తరగతి పూర్తయ్యేసరికి చిన్న కథ ఒకటి తనంతట తాను చదవగలిగింది. నెమ్మదిగానే. వత్తుల దగ్గర ఇప్పటికీ ఆగుతుంది.

మొన్న జూన్‌లో హైస్కూల్లో ఆరో తరగతిలో చేరింది. అక్కడ ఆమె సంగతి ఎవరికీ తెలియదు. సీతారాం మాస్టారు రాసిచ్చిన ఉత్తరం ఇంకా హెడ్మాస్టరు బల్ల మీదే ఉంది. మూడో రోజు తెలుగు మేడం ఝాన్సీలక్ష్మి వరుసగా లేపి చదివిస్తూ ప్రవల్లిక దగ్గరికి వచ్చింది.

ప్రవల్లిక నిలబడింది. కడుపునొప్పి అని చెబుదామా అనుకుంది. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు.

“మేడం, నాకు సదవడం వచ్చు. కానీ లేటవుద్ది,” అంది. “నాకు డిస్లెక్సియా ఉంది. కాస్త టైం ఇస్తే సదువుతాను. ఎవుల్నీ నవ్వొద్దని సెప్పండి.”

ఝాన్సీలక్ష్మి ఒక్క క్షణం తడబడింది. తర్వాత తన కుర్చీ లాక్కుని ప్రవల్లిక బెంచీ పక్కన వేసుకుని కూర్చుంది.

“తొందరేం లేదమ్మా. చదువు.”

ప్రవల్లిక వరుస కింద వేలు పెట్టుకుని మొదలుపెట్టింది. రెండుచోట్ల ఆగింది. ఒకచోట తప్పు చదివి, తనే వెనక్కి వెళ్లి సరిచేసుకుంది. మూడు వరుసలయ్యేసరికి బెల్లు కొట్టారు. పిల్లలు సంచులు సర్దుకోబోయారు.

“ఉండండి మేడం,” అంది ప్రవల్లిక తలెత్తకుండానే. “ఈ వరస అయిపోనీండి.”