పదిహేడో నంబరు రసం

అవెలీనో సీసా మూత తీసి వాసన చూశాడు. కిటికీ వెలుగుకు పట్టి రసం చూశాడు. ఒక్క చుక్క నాలుక మీద వేసుకున్నాడు. ఆ తర్వాత భార్య డొమింగా వైపు చూశాడు. ముగ్గురూ ఒకటేనని అతని అనుమానం: సీసా, ఆసుపత్రి, పెళ్లాం.

ప్రోస్టేట్ క్యాన్సర్‌కు రేడియేషన్ మొదలైనప్పటి నుంచి ఒంటేలుకు పోతే నిప్పులా మండుతోంది. క్రాన్‌బెర్రీ అనే పుల్లటి ఎర్రపండు రసంతో మంట తగ్గుతుందా లేదా అని ఆసుపత్రివాళ్లు పరీక్ష పెట్టారు. సగం మందికి అసలు రసం, సగం మందికి అదే రంగు నీళ్లు. ఎవరికి ఏదో నర్సుకీ తెలియదు. అవెలీనో సీసాలన్నిటి మీదా పదిహేడు అన్న అంకె ఒక్కటే.

"తియ్యగా ఉందే. ఇది మన పండు కాదు."

"నలభై ఏళ్లు పండ్లు ఏరావు గానీ డాక్టరీ చదివావా ఏమయ్యా? తాగు. మావారు పరిశోధనలో ఉన్నారని చర్చిలో అందరికీ చెప్పుకున్నాను."

అతను క్రాన్‌బెర్రీలు ఏరిన వేర్‌హామ్ షెడ్డులో చెక్క పలక మీద పడ్డ పండు బంతిలా ఎగిరితే మంచిది, ఎగరకపోతే కుళ్లింది. అల్లుణ్ణి కూడా మొదటిసారి అదే చూపు చూశాడు.

డొమింగా అటు తిరగ్గానే రసం సింకులో పోశాడు. పోయిన పంటలో ఒక్కొక్కటే ఎగరేసి చూసి, ఫ్రీజర్లో దాచుకున్న పండ్లు తీసి, నూరి, పిండి తాగాడు. మొహం వంకరపోయింది. రసమంటే ఇదీ.

"రసం రోజూ తాగుతున్నారా అవెలీనో గారూ?" ఆసుపత్రిలో నర్సు కేరల్ అడిగింది.

"చుక్క వదలకుండా."

"మంట?"

"అలాగే ఉందమ్మా."

అన్నాక, మొట్టమొదటిసారి తన పండ్ల మీదే అనుమానం వచ్చింది. ఇంకాస్త చిక్కగా పిండాలేమో అనుకున్నాడు.

ఇంటికొచ్చి బీన్సు అన్నం రెండు ముద్దలు తిని, టోపీ మొహం మీదికి లాక్కుని కుర్చీలో వాలాడు. కాఫీకి పిలిస్తే పలకలేదు. గిన్నెలు కడగాల్సి వస్తుందని నటిస్తున్నాడని డొమింగా పది నిమిషాలు పట్టించుకోలేదు. టోపీ తీశాక తెలిసింది.

ఆయన పోయిన రెండు నెలలకు ఆసుపత్రి నుంచి ఉత్తరం వచ్చింది. పదిహేడో నంబరు సీసాల్లోది అసలైన క్రాన్‌బెర్రీ రసమేనట, రోగులు తాగగలిగేలా పంచదార కలిపారట. డొమింగా కాగితాన్ని అచ్చం ఆయనలాగే వెలుగుకు పట్టి చూసింది.

తర్వాత ఐసు కోసం ఫ్రీజరు తెరిచింది. వెనక మూలన, సగం ఖాళీ అయిన పండ్ల సంచి. దాని మీద లావుపాటి అక్షరాలతో ఆయన చేతిరాత: "అసలైనవి."