బొట్లు పెట్టిన రిమోటు

మా ఇంట్లో నాలుగు రిమోట్లు ఉండేవి. టీవీకి ఒకటి, డిష్ పెట్టెకు ఒకటి, డీవీడీకి ఒకటి, హోమ్ థియేటర్ యాంప్లిఫయర్‌కు ఒకటి. పగటిపూట ఇంట్లో ఉండేవాళ్ళలో ఈ నాలుగూ నొక్కడం తెలిసిన మనిషిని నేనొక్కదాన్నే. నేనేమో రాత్రంతా నర్సింగ్ హోమ్‌లో డ్యూటీ చేసి వచ్చి పగలు పడుకునేదాన్ని. ఇక చూసుకోండి నా యోగం.

అది రెండువేల ఎనిమిది. విరుదునగర్‌లో మాది అద్దె ఇల్లు. మా ఆయన హరికృష్ణన్ కోవిల్‌పట్టిలో ఒక అగ్గిపెట్టెల కంపెనీకి సరుకు అమ్మిపెట్టే ఉద్యోగి. ఉదయం ఏడింటికి బస్సెక్కితే రాత్రి ఎనిమిదికి దిగుతారు. ఉన్న పూట తక్కువైనా ఆయనకు సరదాలు తక్కువేం కాదు. ఆ దీపావళికి అయిదు స్పీకర్లు, ఒక ఊఫరు ఉన్న హోమ్ థియేటర్ పట్టుకొచ్చారు. ఊఫరు దమ్మంటే వంటింటి అలమరలో స్టీలు గిన్నెలు గలగలమనేవి. టీవీ సొంత గొంతు దీనికి అడ్డమని మెనూలోకి పోయి దాన్ని ఆపేశారు కూడా. అప్పటినుంచి టీవీ, డిష్ పెట్టె, యాంప్లిఫయర్ మూడూ వెలిగితే గాని మా ఇంట్లో మాట వినబడదు.

ఈ మాట కోసం ఎదురుచూసే మనిషి మా అత్త వేలమ్మాళ్. ఎట్టయాపురం పక్కన నల్లరేగడి ఊళ్ళో యాభై ఏళ్ళు పత్తి ఏరి, మిరపకాయలు ఎండబెట్టిన మనిషి. మామ పోయాక, కళ్ళకు పొర వచ్చాక, మా దగ్గరికి వచ్చేసింది, అప్పటికి ఆరేళ్ళు. ఒక కంటికి ఆపరేషన్ అయింది గాని చూపు మసకే. బొమ్మ కనిపించకపోయినా ఆమెకు పరవాలేదు, సీరియల్ వింటే చాలు. పదకొండింటికి ఒకటి, పదకొండున్నరకు ఇంకొకటి. ఆమె పగలంతటిలో ఆ గంట ఒక్కటే ఆమెది.

సరిగ్గా ఆ గంటే నా నిద్రకు నడిమధ్య. ఎనిమిదిన్నరకు ఇంటికి వచ్చి, మా అమ్మాయిని స్కూలుకు తోలి, కూరా చారూ చేసి, పదింటికి నడుం వాల్చేదాన్ని. కన్ను అంటుకునేసరికి హాల్లోంచి పిలుపు.

"వాసుకీ! ఏమ్మా, రవంత వచ్చి పో. సత్తం రాలే."

సత్తమంటే శబ్దం, మా అరవ ఊళ్ళ తెలుగులో. లేచి వెళ్ళి మూడు రిమోట్లు నొక్కి వచ్చేదాన్ని. పడుకునేదాన్ని. అంతలో కరెంటు పోయేది. ఆ ఏడు కరెంటు కోతలు మామూలుగా లేవు. అది తిరిగి రాగానే మళ్ళీ పిలుపు. మళ్ళీ మూడు రిమోట్లు. నడిచి నడిచి మంచానికీ హాలుకీ మధ్య నా పాదాలకు దారి పడిపోయింది. కళ్ళు తెరిచే ఉన్నా తల లోపల అంతా మబ్బుగా ఉండేది.

ఒక రాత్రి ఆరో మంచానికి ఎక్కించాల్సిన గ్లూకోజు సీసా పట్టుకుని ఏడో మంచం దగ్గర నిలబడ్డాను. మా హెడ్ సిస్టర్ కాళీశ్వరి వచ్చి నా చెయ్యి పట్టుకోకపోతే ఏడో మంచం మనిషికి ఎక్కించేసేదాన్ని. సిస్టర్ అరవలేదు. "ఇంకొకసారి ఇలా జరిగితే డాక్టరుకు చెప్పకుండా ఉండలేను వాసుకి, పగలు నిద్రపో" అంది, అంతే. నిద్రపో! ఎంత సులువుగా అనేసింది.

మరునాడు రాత్రి డ్యూటీకి పోయే ముందు మా ఆయన ముందు ఏడ్చాను. ఇంట్లో ఆ పెట్టెలన్నా ఉండాలి, నేనన్నా ఉండాలి అన్నాను. పెట్టెలు పోతాయేమోనని ఆయన నిజంగానే భయపడ్డారు. ఆ మరుసటి రాత్రి కోవిల్‌పట్టి బజారునుంచి అయిదో రిమోటు తెచ్చారు.

"ఇది యూనివర్సల్ రిమోట్. నాలిగిటికీ ఇది ఒకటే చాలు. ఇంగ నీకు కవలై లే, ఏ దిగులూ లే" అన్నారు.

ఆ ఆదివారమంతా దానికే పోయింది. ఒక కాగితం నిండా మూడంకెల నంబర్లు. ఒక్కొక్కటీ కొట్టడం, టీవీ ఆగిందా లేదా చూడడం. మధ్యాహ్నం భోజనానికి కూడా లేవకుండా కొడితే నాలుగింటికి టీవీ మాట విన్నది. పెట్టె, యాంప్లిఫయర్ దారికి వచ్చేసరికి దీపం పెట్టే వేళయింది. డీవీడీ మాత్రం ఏ నంబరుకూ లొంగలేదు. దాన్ని అలాగే వదిలేశాం.

వాడే పద్ధతి ఇది. మొదట టీవీ మీట, తరువాత పవరు మీట. డిష్ పెట్టె మీట, మళ్ళీ పవరు. యాంప్లిఫయర్ మీట, మళ్ళీ పవరు. పొరపాటున వరస తప్పితే వెలిగిందల్లా ఆరిపోతుంది. మీటలన్నీ ఒకే నలుపు, ఒకే సైజు. మసక కళ్ళకు తెలియాలి కదా అని నేనొక తెలివైన పని చేశాను. నా స్టిక్కరు బొట్ల అట్టలోంచి నాలుగు పెద్ద బొట్లు తీసి ఆ నాలుగు మీటల మీద అంటించాను. పవరుకు ఎర్రది, టీవీకి పచ్చది, పెట్టెకు పసుపుది, యాంప్లిఫయర్‌కు మెరుపుల బొట్టు. అంతా అయ్యాక చూసుకుంటే నాకే ముద్దొచ్చింది.

"చూడత్తా, బొట్టు మీద వేలు పెట్టి అముక్కితే చాలు" అన్నాను.

అత్త రిమోటును చేతిలోకి తీసుకుని మొహానికి దగ్గరగా పెట్టుకుని చూసింది. మెల్లగా చాప మీద పెట్టేసింది. పాతకాలం మనిషి, బెరుకు అనుకున్నాను.

మరునాడు పదకొండింటికి పిలుపు. వెళితే అంతా ఆరిపోయి ఉంది. ఆ తరువాత రోజూ అదే. మూడోనాడు నేను తలుపు చాటున నిలబడి చూశాను. ఈ మనిషి బొట్టు వదిలేసి, సరిగ్గా దాని పక్కనున్న మీటను నొక్కుతోంది! ఎర్రబొట్టు పక్కన వేలు, పచ్చబొట్టు పక్కన వేలు. ఒకసారైతే పొరపాటు. మూడుసార్లు పక్కనే పడితే అది కావాలని చేసేదే. నాకు ఒళ్ళు మండిపోయింది. అత్త మీద కోపం దుత్త మీద చూపాలంటారు. మా ఇంట్లో దుత్త లేదు, రిమోటే ఉంది. దాన్ని ఆమె చేతిలోంచి లాక్కున్నాను.

"బొట్టు మీద వేలు పెట్టేదానికి ఏమత్తా కష్టం? వేలు ఇరిగిపోయిందా? నా ఉద్యోగం పోతే గాని మీకు సంతోషం లేదా?"

అత్త తల దించుకుంది. "కోపించుకోవాకమ్మా. నువు పోయి పండుకో. ఇంగ పిలవను" అంది.

నిజంగానే పిలవలేదు. తొమ్మిది రోజులు. ఏం నిద్ర పోయానో చెప్పలేను, ఊరు మునిగినా తెలియనంత నిద్ర. మబ్బు విడిపోయినట్టు తల తేలికైంది. డ్యూటీలో నా చేతులు మళ్ళీ నావయ్యాయి. కాళీశ్వరి సిస్టర్ నన్ను చూసి తల ఊపింది. మంచిగా చెప్తే వినని అత్త గట్టిగా చెప్పగానే నేర్చేసుకుందని మా ఆయనతో గొప్పగా చెప్పాను. ఆయన రిమోటును మెచ్చుకున్నారు గాని నన్ను కాదు.

పదో రోజు ఫ్యాను ఆగి ఉక్కపోతకు మెలకువ వచ్చింది. పదకొండుం పావు. కరెంటు పోయింది. నీళ్ళు తాగుదామని హాల్లోకి వచ్చాను. అత్త టీవీకి ఎదురుగా చాప మీద కాళ్ళు చాపుకుని కూర్చుని ఉంది. పాపం, సీరియల్ మధ్యలో పోయిందే అనుకున్నాను. నీళ్ళు తాగుతుండగా కరెంటు వచ్చింది. టీవీ కింద ఎర్రదీపం వెలిగింది. అత్త కదలలేదు. రిమోటు పక్కనే ఉంది. దాని వైపు చెయ్యి కూడా చాపలేదు. నల్లటి టీవీ ముందు అలాగే కూర్చుంది.

"వేసుకోలేదే అత్తా?"

ఉలిక్కిపడింది. "ఆ... వేస్తాను, వేస్తాను. నువు పోయి పండుకో."

నేను రిమోటు తీశాను. నాలుగు బొట్లూ అంటించిన నాడు ఎట్లా ఉన్నాయో అట్లాగే ఉన్నాయి. నేను రోజూ స్టిక్కరు పెట్టుకునే మనిషిని. వేలు తగిలితే దాని అంచు లేస్తుందనీ, బంకకు మట్టి పడుతుందనీ నాకు తెలియదా? వీటి మీద వేలే పడలేదు. తొమ్మిది రోజులూ నేను గుర్రుపెట్టి నిద్రపోతే ఈ మనిషి మూగ టీవీ ముందు కూర్చుని ఆ గంటను గడిపింది. నాకు సిగ్గేసింది. సిగ్గు వెంట కోపం కూడా వచ్చింది, దాచడం ఎందుకు.

ఆమె పక్కన చాప మీద కూలబడ్డాను. "నిజం చెప్పత్తా. ఏంటికి అముక్కవు?"

చీర కొంగు వేలికి చుట్టింది, విప్పింది.

"నోటితో చెప్పేదే తప్పమ్మా" అంది చివరికి. "అది నీ బొట్టు. నువు మొగంలో పెట్టుకునేది. నేను తాలి తీసేసినదాన్ని. దినామూ ఈ చేత్తో నీ బొట్టును పట్టి అముక్కితే... నా కొడుక్కి ఏమన్నా ఆయెనంటే?"

స్నానాల గదిలో అద్దం గుర్తొచ్చింది. మొహం కడుక్కునేటప్పుడు నేను తీసి అద్దం మూలకు అంటించే బొట్లు. అత్త రోజూ అద్దం తుడుస్తుంది. ఆ మూల మాత్రం తుడవదు. చూపు ఆనక వదిలేస్తుందని, విసుక్కుంటూ నేనే తుడుచుకునేదాన్ని. ఆరేళ్ళుగా! రోగి మొహం చూసి జ్వరం ఎంతో చెప్పే నర్సును నేను.

"అట్లంతా ఏమీ కాదత్తా. అది ప్లాస్టిక్కు" అన్నాను.

"నీకు ప్లాస్టిక్కు. నా మనసు ఒప్పదే."

వాదించే ఓపిక నాకు లేదు. ఆరేళ్ళు చూడని దాన్ని ఒక్క పూటలో మార్చే హక్కూ లేదనిపించింది. గోరుతో నాలుగు బొట్లూ గీకేశాను. మీటలు మళ్ళీ ఒకే నలుపయ్యాయి.

"మరి గుర్తుకి ఏమి పెట్టేది?" అని నాలో నేనే గొణుక్కున్నాను.

అత్త లేచింది. గోడ పట్టుకుని వంటింట్లోకి పోయి డబ్బాల మూతలు తీసిన చప్పుడు. ఆ తరువాత దేవుడి గూట్లో చెయ్యి పెట్టింది. వత్తుల కోసం ఊరినుంచి తెప్పించుకున్న పత్తి ఉంటుంది అక్కడ. తిరిగివచ్చి అరచెయ్యి విప్పింది. ఒక మినప గింజ, ఒక జొన్న గింజ, ఒక ధనియం, ఒక పత్తిగింజ.

"కండ్లు పోయినా ఇవి తెలీకుండా పోతాయా నాకి? చీకట్లోనే ఎన్ని మూటలు ఏరినాను!"

మొదటిసారిగా నవ్వింది. అమ్మాయి స్కూలు బంక తెచ్చి అంటించాను. టీవీకి మినుము. పెట్టెకు జొన్న. యాంప్లిఫయర్‌కు ధనియం. అన్నిటికన్నా ముఖ్యమైన పవరుకు పత్తిగింజ. దానికి ఇంకా నూగు ఉంది. కిటికీలో ఎండకు పెట్టాం. ఆరేలోపు అత్త పాఠంలా వల్లెవేసింది. "మినుమూ పత్తీ, జొన్నా పత్తీ, దనియం పత్తీ." ఆ రోజు సీరియల్ అయిపోయింది. నా నిద్ర కూడా అయిపోయింది.

మరునాడు పదింటికి పడుకున్నాను. పదకొండింటికి, ఎవరూ పిలవకుండానే, నా కళ్ళు వాటంతట అవే తెరుచుకున్నాయి. అలవాటుకు సిగ్గుండదు. చెవులు రిక్కించాను. టీవీ వెలిగినప్పుడు వచ్చే చిన్న టిక్కుమనే చప్పుడు. కాసేపు ఏమీ లేదు. వెళదామా అనుకున్నాను, వెళ్ళలేదు. అంతలో ఊఫరు దమ్మంది. అలమరలో గిన్నెలు గలగలమన్నాయి. ఎవరో కోడలు సీరియల్లో భోరున ఏడుస్తోంది. హమ్మయ్య అని అటు తిరిగి పడుకున్నాను.

"వాసుకీ! వాసుకీ, ఇట్ల రా!"

లేచి పరుగెత్తాను. "ఏమాయెనత్తా?"

అత్త రిమోటును రెండు చేతులతో పట్టుకుని కూర్చుంది. మొహమంతా వెలుగు.

"ఏమీ లేమ్మా. సత్తం వచ్చేసె. నీకి చెప్దామని పిలిస్తి."

నాకు కోపం వచ్చింది. నిజం చెప్తున్నాను, కోపమే వచ్చింది. నవ్వు తరువాత వచ్చింది. మంచందాకా తిరిగి నడిచే ఓపిక మాత్రం రాలేదు. అక్కడే చాప మీద, ఆమె పక్కన ఒరిగాను. ఆ ఏడుపులూ ఆ దమ్ముదమ్ములూ చెవిలో పడుతుండగానే కన్ను మూసుకుపోయింది.

లేచేసరికి ఒంటిగంట. ఇల్లు చల్లగా, చప్పుడు లేకుండా ఉంది. కరెంటు పోయిందేమో అని పైకి చూస్తే ఫ్యాను తిరుగుతోంది. టీవీ ఆరి ఉంది, పెట్టె ఆరి ఉంది, యాంప్లిఫయర్ ఆరి ఉంది. అత్త కూర్చున్నచోటే కూర్చుని ఉంది, బొటనవేలు పత్తిగింజ మీద పెట్టుకుని.

"సీరియల్లో ఏమాయెనత్తా?"

"ఎవరికి తెలుసు? నువు వచ్చి పండుకుంటివే, అప్పుడే ఆపేస్తి" అంది.