సగం విప్పిన కాలర్

మా మేనత్త చేతికి చిరిగిన బట్ట ఇచ్చేటప్పుడు, దీన్ని బాగుచెయ్యొద్దు అని ముందే చెప్పాలి. ఆ ఒక్క మాటా చెప్పడం మరిచిపోయాను.

మా మ్యూజియంలో మర్నాడే చొక్కాల ప్రదర్శన. హాలు నడిమధ్య అద్దాల పెట్టెలో పెట్టాల్సింది ఒకటే చొక్కా. అచ్చాఫీసులో అక్షరాలు పేర్చే పనివాడు రోజూ తొడుక్కున్న నీలిచారల నూలు చొక్కా. దాన్ని సంపాదించడానికి నాకు ఏడాది పట్టింది. పెళ్లికోట్లు, ఫోటో దిగడానికి కుట్టించుకున్నవి ఎన్నయినా దొరుకుతాయి. రోజూ వేసుకున్న చొక్కా దొరకదు. చిరిగేదాకా తొడుగుతారు, తర్వాత పిల్లలకు కుదిస్తారు, చివరికి దాంతో సైకిలు తుడుస్తారు. అందరూ వేసుకున్న బట్టకే ఎక్కడా ఆనవాలు లేదంటే నాకు ఒళ్లు మండేది.

చొక్కా ఇచ్చింది ఆ పనివాడి కూతురు, బళ్లో ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పి రిటైరైన పంతులమ్మగారు. ఆవిడ షరతు ఒక్కటే.

"ఉన్నది ఉన్నట్టే ఉంచాలి. ఒక్క పోగు కదిలినా నా చొక్కా నాకు తెచ్చిచ్చెయ్యాలి."

సరేనని సంతకం పెట్టాను. కాలర్ మడత అరిగి పోగులు లేచాయి. వెనకవైపు రెండంగుళాల కుట్టు ఊడింది. పక్కన పెట్టే అట్ట మీద 'వాడి వాడి ఊడిన కుట్టు' అని రాయించి, నా తెలివికి నేనే మురిసిపోయాను.

అత్త నలభై ఏళ్లుగా కుట్టుమిషను తొక్కుతోంది. చొక్కా పెట్టెలో నిలబడాలంటే లోపల దూదితో కుట్టిన గుడ్డబొమ్మ ఉండాలి. కొలతలు తీసుకోమని ఆ పొద్దున చొక్కా అత్త ముందు పెట్టి, మిగతా పనుల మీద పరుగెత్తాను. సాయంత్రం వచ్చేసరికి బొమ్మ తయారు. దాని ఒంటి మీద చొక్కా. చొక్కాకి కొత్తదిలాంటి కాలర్.

బొమ్మ దగ్గరికి పరుగెత్తాను.

"అత్తా, కాలర్ ఏమైంది?"

"ఏమవుతుంది, తిరగేశాను. ఇంకో రెండేళ్లు ఢోకా లేదు."

"ఎవరు తిరగెయ్యమన్నారు?"

అత్త కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుంది. "బాగుందే. కుట్టు విప్పుతూ సగంలో ఆపి నా ముందు పడేసి, ఇప్పుడు ఎవరు చెయ్యమన్నారంటావా?"

"నేను విప్పలేదు. అదే ఊడిపోయింది."

అత్త నన్ను జాలిగా చూసింది. "ఊడిన కుట్టు అలా ఉండదే పిచ్చిమొహమా. అది మూడు కుట్లకో కుట్టు తెంపి, దారం లాగి విప్పింది. గుడ్డకి ఒక్క గాటు పడలేదు చూడు. పని తెలిసిన చెయ్యి. కాలర్ మడతలో ఇదీ ఉంది."

సూదుల దిండుకు గుచ్చిన తుప్పుసూది చూపించింది. దాని కన్నులో బెత్తెడు నీలిదారం.

చొక్కా గురించి నాకు తెలియనిది లేదనుకునేదాన్ని. ఒకప్పుడు కొన్ని దేశాల్లో చొక్కా అంటే లోపలి బట్ట, బయటికి కనిపిస్తే సిగ్గు అని చదివాను. ఉతుకు తగ్గించుకోవడానికి కాలర్ ఒక్కదాన్నే విడిగా గుండీలతో తగిలించుకునేవారనీ చదివాను. మడత అరిగితే ఇంట్లో ఆడవాళ్లు కాలర్ విప్పి, అరగని వైపు పైకి వచ్చేలా తిరగేసి కుట్టేవారని నా వ్యాసంలో నేనే రాశాను. ఆ పని సగంలో ఆగి నెలరోజులు నా బల్ల మీద ఉంటే మాత్రం గుర్తుపట్టలేకపోయాను. అత్త చూడగానే పట్టేసింది. కోపమంతా పోయి ఆ చేతులకు దండం పెట్టాలనిపించింది. భయం మాత్రం పోలేదు. పంతులమ్మగారు చొక్కా పట్టుకుపోతే ప్రదర్శనే లేదు. ఆవిడ షరతు సంగతి అత్తకి చెప్పాను.

"మళ్లీ విప్పి పాతలాగే పెట్టగలవా?"

"పెట్టగలను. ఆవిడకి చెప్పకుండా మాత్రం పెట్టను."

మర్నాడు తలుపులు తెరవడానికి గంట ముందే పంతులమ్మగారు వచ్చారు. జరిగిందంతా నిలబడి చెప్పాను. తిరగేసింది తనేనని అత్త కూడా ఒప్పుకుని, సూదుల దిండు ఆవిడ ముందు పెట్టింది.

పంతులమ్మగారు సూదిని చూసి కుర్చీలో కూర్చుండిపోయారు.

"అమ్మది," అన్నారు. "నాన్న జ్వరంతో పడుకున్న వారం అది. సోమవారం పనికెళ్లేసరికి తిరగేసి ఉంచుతానంది. సోమవారానికి నాన్న లేరు."

అత్త సూదుల దిండు ఆవిడకి ఇంకాస్త దగ్గరికి జరిపింది.

"అప్పుడు నాకు పదహారేళ్లు. చివరిదాకా ఆయన్ని చిరిగిన కాలర్‌తోనే తిప్పావు, నీకు పట్టలేదు అని అమ్మని అనేశాను. అమ్మ బదులు చెప్పలేదు. మొదలుపెట్టిందని నాకిప్పటిదాకా తెలీదు."

కాసేపటికి లేచి బొమ్మ దగ్గరికి వెళ్లారు. "ఎక్కడిదాకా విప్పిందో చూపిస్తారా?"

అత్త వేలితో చూపించింది. "ఇదిగోనండీ, ఇక్కడిదాకా అమ్మగారిది. ఇక్కణ్ణుంచి నాది."

పంతులమ్మగారు ఆ రెండంగుళాల మీద ఈ చివర నుంచి ఆ చివరకి వేలు నడిపారు. అప్పుడు నేను షరతు గుర్తుచేశాను. చొక్కా తీసుకెళ్తానంటే నేనే మడిచి ఇస్తానన్నాను.

"తీసుకెళ్లి ఏం చేసుకుంటాను? పెట్టెలో ఈ సూది కూడా పెట్టండి. మీ అట్ట మాత్రం తప్పు," అన్నారు. కలం అడిగి తీసుకుని నా వాక్యాన్ని అడ్డంగా కొట్టేశారు. కింద 'విప్పినది మా అమ్మ' అని రాసి, అమ్మ పేరు పెట్టారు. దాని కింద 'కుట్టినది' అని రాసి, కలం అత్తకిచ్చారు.

నలభై ఏళ్లలో అత్త ఎన్ని వేల చొక్కాలు కుట్టిందో లెక్కలేదు. ఒక్కదాని మీదా తన పేరు లేదు. చెయ్యి తుడుచుకుని, కలం పట్టుకుని, నెమ్మదిగా పేరు రాసింది. అక్షరాలు వంకర పోయాయి.

కొత్త అట్ట అచ్చు వేయిస్తానని నేను అనలేదు. ఆ అట్టనే పెట్టె పక్కన నిలబెట్టి, వెళ్లి తలుపులు తెరిచాను.