సముద్రం పడని ఫోటోలు

ఫోటోలో సముద్రం పడకూడదు. గురువారం వచ్చిందంటే దర్సీకి అదే దిగులు.

అందుకే నీళ్ళు వెనక్కి తీసిన కాసేపట్లో ఆ బురద ఇసుక మీద బోర్లా పడుకుని, ఫోను నేలకి ఆనించి, జానెడు మేర మాత్రమే తీస్తుంది. పీతలు బొరియల్లోంచి తోడిపోసిన ఇసుక ఉండలు, నత్త పాకిన చార, నోరు తెరుచుకున్న ఆల్చిప్ప. ఫోను కాస్త ఎత్తితే చాలు, పాడు సముద్రం మూడు వైపులా కనిపిస్తుంది. చూసేవాళ్ళకి ఇదేదో సరదా అనిపించొచ్చు. సరదా ఎవడికి కావాలి! ఆ ఇసుక కిందే ఎక్కడో వాళ్ళమ్మ గోరీ ఉండేది.

ఉండేది అనే చెప్పాలి. జావా ఉత్తరపు తీరంలో వాళ్ళ ఊరు ఏటికేడు కుంగిపోయింది. ముందు రొయ్యల చెరువులు పోయాయి, తర్వాత ఇళ్ళలోకి నీళ్ళొచ్చాయి. తండ్రి సారిదిన్‌కి పక్షవాతం వచ్చి కాళ్ళు పడిపోయిన ఏడే ఆయన్ని మోసుకుని లోపలి ఊరికి వచ్చేశారు. అప్పటికి ఒడ్డునున్న గోరీల దిబ్బ ఇంకా పొడిగానే ఉంది. భార్య పక్కన తన చోటుకి వెదురు దడి కట్టించుకుని, "ఇది నాది, ఇంకెవర్నీ పెట్టనివ్వకు" అని కూతురి చేత ఒట్టు వేయించుకున్నాడు ముసలాయన.

ఆ మరుసటేడే సముద్రం దడినీ దిబ్బనీ కలిపి మింగేసింది. దర్సీ ఆ మాట చెప్పలేకపోయింది. మంచంలో పడున్న మనిషికి ఏ నోటితో చెప్పాలి? ప్రతి గురువారం రాత్రీ ఆయన తన ఫోనులో భార్య గోరీ ఫోటో చూసుకుంటూనే దువా చదువుకుంటాడు. మొదట్లో పాత ఫోటో చూపించింది. "కొత్తది తియ్యవే, దీన్నే ఎన్నిసార్లు చూడను" అన్నాడు. అప్పుడు మొదలైంది ఈ నేల ఫోటోల తంతు. గోరీల దగ్గర ఉండేవి దేవగన్నేరు చెట్లే కాబట్టి, లోపలి ఊళ్ళో ఒక పువ్వు కోసుకుపోయి, ఇసుకలో పెట్టి మరీ తీసేది.

"రాయి కనపడదేమే?" అనేవాడు ఆయన.

"రాయి ఎప్పుడూ ఉండేదే కదా నాన్నా. అమ్మ దగ్గరికి కొత్తగా ఎవరెవరొచ్చారో వాళ్ళని తీశాను."

ఆ మాటకి మురిసిపోయేవాడు. "ఈ పీతల్ని చూడు, మీ అమ్మ పిండి ఉండలు చేసినట్టు ఎంత ఒబ్బిడిగా పేర్చాయో. నీకు చస్తే చేతకాదు" అని వెక్కిరించేవాడు. ఆ వెక్కిరింత కోసమే తర్వాతి గురువారం మళ్ళీ పోయేది పిచ్చిది.

ఈ గురువారం ఆమె తిరిగొచ్చేసరికి తండ్రి మహా హుషారుగా ఉన్నాడు.

"మసీదు నుంచి ఒకాయన వచ్చాడే. ఇక్కడి శ్మశానంలో చోటు తక్కువట, మునిగిన ఊళ్ళ నుంచి వచ్చిన ముసలీ ముతకా పేర్లు రాసుకుంటున్నారట. నాకేం అక్కర్లేదు, ఇంకెవరికైనా ఇచ్చుకోమన్నాను."

"ఎందుకన్నావు నాన్నా అలా?"

"ఎందుకేమిటే? నా చోటు నాకుంది. నమ్మడేమోనని నువ్వు నా ఫోనుకి పంపిన ఫోటోలన్నీ చూపించాను. ఇంక మారు మాట్లాడితే ఒట్టు."

తడి బట్టలతోనే మసీదుకి పరిగెత్తింది. ఆ పెద్దమనిషి పేరు హాజీ కస్బుల్లా. కొండప్రాంతం నుంచి వచ్చినవాడు, తీరం మొహం ఎరగడు.

"అయ్యో, ఆలస్యం చేశావమ్మా. మీ నాన్న వద్దన్నది ఆఖరి చోటు. పక్క వీధివాళ్ళు కాళ్ళావేళ్ళా పడితే వాళ్ళకి మాటిచ్చేశాను. వాళ్ళ ముసలావిడ ఇవాళో రేపో అన్నట్టుంది" అన్నాడు. మళ్ళీ తనే, "అయినా మీకేమమ్మా, అంత మంచి నేల ఉండగా. ఫోటోల్లో చూశానుగా. అక్కడ మావాళ్ళకి కూడా నాలుగు చోట్లు దొరుకుతాయేమో కాస్త కనుక్కుంటావా?" అన్నాడు.

దర్సీ కనుక్కుంటానని తలూపి వచ్చేసింది. దారిలో ఏడవడానికి కూడా సిగ్గేసింది. తండ్రికి ఆరడుగుల నేల లేకుండా చేసింది సముద్రం ఒక్కటే కాదు మరి.

ఇంటికొచ్చి మంచం పట్టె మీద కూర్చుంది.

"నాన్నా, అక్కడ దిబ్బ లేదు. అమ్మ గోరీ లేదు. నీ చోటూ లేదు. మనం వచ్చేసిన మరుసటేడే పోయాయి."

ఆయన ఫోను తీసి పీతల ఉండల ఫోటో చూపించాడు. "మరి ఇదేమిటి?"

"నీళ్ళు వెనక్కి తీసినప్పుడు ఆ నేల కాసేపు తేలుతుంది నాన్నా. అప్పుడు తీశాను."

ముసలాయన తిట్టలేదు. ఆ ఫోటోనే చాలాసేపు చూశాడు. బతుకంతా పడవ నడిపిన మనిషి, ఆటుపోట్ల సంగతి ఆయనకి తెలియనిది కాదు. తెలిసి కూడా అడిగాడు.

"ఆ కాసేపట్లో నన్ను పూడ్చెయ్యలేరా? నలుగురూ కలిసి త్వరగా తవ్వితే?"

ఇన్నాళ్ళూ ఎన్ని అల్లింది! ఇప్పుడు ఒక్క అబద్ధం నోటికొస్తే బాగుండునని వెతుక్కుంది. రాలేదు.

"పూడ్చినా నిలవదు నాన్నా" అంది.

సారిదిన్ ఫోను ఆమె చేతికిచ్చేశాడు. గోడవైపు తిరగబోయాడు. నడుము కదిలింది గానీ కాళ్ళు రాలేదు. ఇంకోసారి ప్రయత్నించాడు. చివరికి ఆమె మొహం చూడకుండానే, తిప్పమని చేత్తో సైగ చేశాడు.

దర్సీ లేచి, రెండు కాళ్ళూ పట్టుకుని, తండ్రిని గోడవైపు తిప్పింది.