చెంచాడు ఆయిలు

చీకటి పడేలోపు ఐతాలినా పనులు ఒక వరసలో సాగేవి. ముందు ఆవుల పాలు పితకడం, తర్వాత వాకిట్లో పేర్చిన మంచుదిమ్మల్లోంచి ఒకటి లోపలికి తెచ్చి నీళ్ళ పీపాలో వెయ్యడం, ఆఖరికి బండి కిందికి దూరి, ఇంజను అడుగున మర విప్పి, ఆయిలంతా బకెట్టులోకి దింపడం. ఇంజను ఇంకా వేడిగా ఉండగానే ఆ పని కావాలి. కాస్త ఆలస్యమైతే ఆయిలు జిగురవుతుంది, ఇంకాస్త ఆలస్యమైతే తారవుతుంది, ఆ పైన ఇక గడ్డపారకి కూడా లొంగదు. లేనా నది ఒడ్డున డిసెంబరు చలి అలాంటిది. బకెట్టుకి మూతపెట్టి ఇంట్లోకి తెచ్చి పొయ్యి పక్కన దింపితే ఆ రోజుకి బండి పని అయినట్టే. తెల్లారాక దాన్ని వెచ్చచేసి మళ్ళీ ఇంజనులో పోస్తే, బండి రెండు దగ్గులు దగ్గి లేచేది.

ఊళ్ళో పాత బండ్లున్న వాళ్ళందరూ అలాగే చేస్తారు. పొయ్యి పక్కన కూర్చున్న ఆయిలు ఇంట్లో మాటలన్నీ వింటుంది కాబట్టి, దాని దగ్గర ఏం మాట్లాడాలో ఏం మాట్లాడకూడదో కూడా అందరికీ తెలుసు. అత్తాకోడళ్ళకి పోట్లాడుకోవాలనిపిస్తే గొడ్లసావిట్లోకి పోయి పోట్లాడుకుంటారు. ఒకసారి మికీతా తప్పతాగి వచ్చి, బకెట్టు ముందే కూర్చుని బావమరిదిని నానా తిట్లూ తిట్టాడు. మర్నాడు ఆ బావమరిది పెళ్ళికే బయల్దేరితే బండి ఊరి పొలిమేర దాటలేదు. పాపం, మికీతా పెళ్ళాం బకెట్టు ముందు కూర్చుని గొంతు పోయేదాకా తమ్ముణ్ణి పొగడాల్సి వచ్చింది.

ఐతాలినా బండి దిమ్మరొట్టెలా ఉండే పాత వ్యాను. అందరూ రొట్టెబండి అనేవాళ్ళు. ఆమె భర్త ద్యోగోర్ దాని మీద ఏళ్ళ తరబడి జనాన్ని ఏరు దాటించి పెద్దూరికి చేర్చాడు. నది గట్టిపడి మంచుబాట తెరిచిన దగ్గర్నుంచి వసంతంలో అది మూసేదాకా అతనిదే ఆ పని. పోయిన చలికాలం గుండె జబ్బు చేసి మంచం పట్టాడు. మంచాన్ని పొయ్యి పక్కకి జరిపారు. గడ్డికీ కట్టెలకీ ఐతాలినాయే బండి నడపడం మొదలుపెట్టింది. సాయంత్రం ఆమె పాలు పితకడానికి వెళ్తే, ద్యోగోర్ బకెట్టు వైపు తిరిగి పడుకుని దానితో మాట్లాడేవాడు.

"దాన్ని జాగ్రత్తగా తీసుకెళ్ళు. గడ్డివాము దగ్గర కాసేపు ఆగు, టీ తాగుతుంది. టోపీ లేకుండా వస్తే మాత్రం ఎక్కనివ్వకు." ఎన్ని చెప్పినా ఆఖరికి ఒకటే మాట, పాలతో గుమ్మం ఎక్కుతుంటే ఆమెకీ వినపడేది. "ఏరు మాత్రం దాటించకు. నా మీద ఒట్టు. దాన్ని ఏరు దాటించకు."

ద్యోగోర్ వాళ్ళ అన్న ఒక ఏప్రిల్లో ట్రాక్టరుతో సహా మంచు కిందికి వెళ్ళిపోయాడు. అంచు మీద ఒక గ్లౌజు మిగిలింది, అంతే. ఆ తర్వాత కూడా ద్యోగోర్ ప్రతి ఏడూ ఏరు దాటుతూనే ఉన్నాడు గానీ, తన సంగతి వేరు, పెళ్ళాం సంగతి వేరు. వసంతానికి ద్యోగోర్ కాస్త కోలుకుని లేచాడు గానీ, ఆ వేసవిలో గడ్డి కోతల దగ్గర, మధ్యాహ్నం కొడవలి పక్కన పెట్టి నీడన వాలినవాడు మళ్ళీ లేవలేదు.

ఆయిలు మాత్రం మరిచిపోలేదు. ఈ చలికాలం నది గడ్డకట్టింది, మంచుబాట తెరిచారు, ఐతాలినా భర్త పని అందుకుందామని బండి తీసింది. ఒడ్డు దాకా బుద్ధిగా వచ్చిన బండి అక్కడ ససేమిరా అంది. ఇంజను తిరుగుతుంది, గేరు పడుతుంది, చక్రం మాత్రం కదలదు. వెనక్కి తిప్పితే చాలు, పిల్లిపిల్లలా ఇంటికొచ్చేస్తుంది. ఎన్నిసార్లు వెళ్ళినా అంతే. జనం దిగి, ఆమెని ఏమీ అనకుండా, వేరే బండ్ల కోసం ఒడ్డున నిలబడేవాళ్ళు. ఆ అనకపోవడమే ఆమెకి పుండు మీద కారంలా ఉండేది.

ఊరిపెద్ద సెమెన్ మంచివాడే. అతనే ఒకరోజు ఇంటికి వచ్చి, పాలటీ తాగి, బకెట్టుకి దూరంగా గుమ్మం దగ్గరికి జరిగి గొంతు తగ్గించాడు.

"ఇంకా అదే ఆయిలా, చెల్లెమ్మా?"

"అదే అన్నా."

"నాకేం తొందర లేదు. కానీ మందులకి పోవాల్సిన వాళ్ళున్నారు. కొత్త సంవత్సరం లోపల దాటించగలిగితే సరే. లేదంటే ఈ పని పై ఊరి వాళ్ళకి ఇచ్చెయ్యాలి. నా మీద కోపం పెట్టుకోకు."

కోపం ఎందుకు? అతను వెళ్ళాక ఐతాలినా కూర్చుని లెక్కలు వేసుకుంది. ఈ పని పోతే ఆవుల్ని అమ్ముకోవాలి. ఇల్లు మూసి నగరంలో తమ్ముడి దగ్గరికి పోవాలి. అంతస్తుల మేడలో, ఆకాశంలో వేలాడే వాడి ఇంట్లో సోఫా మీద పడుకుని, ఏ క్యాంటీన్లోనో గిన్నెలు కడుక్కోవాలి. ఆ సాయంత్రం నుంచి ఆమె కూడా బకెట్టు ముందు కూర్చుని బతిమాలడం మొదలుపెట్టింది. "దాటించవే తల్లీ, ఆయన చెప్పింది ఆయన మంచం మీద ఉండి చెప్పాడు, ఇప్పుడు నేనొక్కదాన్నే ఉన్నాను, దాటించు." బండి వింటేగా!

చివరికి బహిలాయ్‌ని పిలిచింది. ఆ వీధిలో ఇంజన్లన్నిటికీ వైద్యుడు ఆయనే. మూత తీసి, వేలితో ఆయిలు తీసుకుని, బొటనవేలితో రుద్ది, వాసన చూశాడు.

"ఇందులో ఇంక మాట పట్టదమ్మాయ్. మసితో నిండిపోయింది. నువ్వు చెప్పేది పైన్నుంచే జారిపోతోంది. మాటల సంగతి అలా ఉంచు, దీనితోనే ఈ చలికాలం లాగితే ఇంజను పట్టేస్తుంది. మార్చెయ్."

ఐతాలినా మూత అందుకుని మళ్ళీ బకెట్టు మీద పెట్టేసింది. గడ్డివాము దగ్గర తనంతట తాను ఆగే బండి, దుకాణం ముందు ద్యోగోర్ ఆమెకి మిఠాయి కొనే చోట నెమ్మదించే బండి, ఇవన్నీ ఆ నల్లటి నీళ్ళల్లోనే ఉన్నాయి. దాన్ని తీసెయ్యడమంటే మొగుణ్ణి రెండోసారి సాగనంపడమే. ఆమెకి ఏడుపొచ్చింది, ఏడ్చింది. బహిలాయ్ కిటికీ వైపు తిరిగి, గాజు మీద పేరుకున్న మంచుని గోటితో గీకుతూ కూర్చున్నాడు.

ఆ ఆదివారం తమ్ముడు ఎర్చిమ్ తన జపాను కారులో నగరం నుంచి దిగాడు. చేతిలో తళతళలాడే డబ్బా.

"అక్కా, నీ కష్టాలు తీరాయి. ఇది ఎంత చలిలోనైనా నీళ్ళలా పారుతుంది. బకెట్టు లేదు, పొయ్యి లేదు, బండి కింద పాకడం లేదు. పొద్దున్నే తాళం తిప్పు, పో!"

డబ్బా చూడ్డానికి వచ్చిన బహిలాయ్ పెదవి విరిచాడు. "నీ కారుకైతే అమృతమే. దీనిది ముసలి ఇంజను నాయనా. రింగులు అరిగాయి, సీళ్ళు ఎండాయి. అంత పల్చటిది పోస్తే సగం తాగేస్తుంది, సగం దారంతా కార్చుకుంటూ పోతుంది. వేడెక్కాక లోపల నిలబడే చిక్కదనం కూడా కావాలి."

"మరి పాతకాలం చిక్కటిదే పొయ్యమంటావా? పొద్దున ఇంజను తిప్పేలోపు బ్యాటరీ చస్తుంది."

"పైగా నీది ఇంటి గడప తొక్కని ఆయిలు. దానికి చెవులేవీ?"

"చెవులున్నందుకే కదా బాబాయ్ ఈ గోలంతా!" అన్నాడు ఎర్చిమ్.

ముగ్గురూ గడ్డకట్టిన చేపని పలచగా చెక్కుకుని, ఉప్పు అద్దుకుని తిన్నారు. ఐతాలినా మెరుస్తున్న ఆ డబ్బా వంక చూసింది. బకెట్టు మొయ్యక్కర్లేదు, నిజమే. ఎవరి మాటా వినక్కర్లేదు, అదీ నిజమే. దీంతో బండి ఏరు దాటేస్తుంది. అది ఎవరి బండైనా, ఎవరు కూర్చున్నా దాటేస్తుంది. మధ్యలో ఏమైనా దానికి పట్టదు.

"రెంటికీ మధ్యరకం ఉండదా బాబాయ్?" అని అడిగింది.

"ఎందుకుండదు? మా ఇంట్లోనే ఉంది. చలిలో మరీ బిగుసుకోదు, వేడిలో మరీ నీరసపడదు. ఓ మోస్తరు చలి రోజుల్లో బండిలోనే వదిలెయ్యొచ్చు. బాగా ముదిరిన రోజుల్లో లోపలికి తేవాలి, తప్పదు."

"తెస్తాను. నాకు అలవాటే."

ఎర్చిమ్ ఉస్సురన్నాడు. "సోఫా మీద కొత్త దుప్పటి కూడా వేశానక్కా," అన్నాడు. అప్పుడు గానీ ఆమెకి అర్థం కాలేదు, వాడు డబ్బా తెచ్చింది ఆమె ఉండిపోవడానికే అయినా, ఆమె వస్తే బాగుండునని వాడికి ఎంతగా ఉందో. వాడి తల నిమిరింది. వాడు చిన్నపిల్లాడిలా తల వంచి నిమిరించుకున్నాడు.

మర్నాడు సాయంత్రం బహిలాయ్ మధ్యరకం ఆయిలు తెచ్చి, ఒక శుభ్రమైన బకెట్టులో పోసి పొయ్యి పక్కన పెట్టాడు. ఒక పూట ఇల్లు చూడనివ్వడం మంచిదన్నాడు. పాత బకెట్టు దాని పక్కనే ఉంది.

"పాతది పారబొయ్యకు. తలుపు బందులకీ, మంచు మీద లాగే స్లెడ్జి పట్టాలకీ పనికొస్తుంది. రెండూ కలపకూడదు, అది మాత్రం గుర్తుంచుకో."

ఐతాలినా తలూపింది. తర్వాత పొయ్యికి మొదటి ముద్ద పెట్టే కొయ్య చెంచా అందుకుంది. ఆ ఇంట్లో ఏది తిన్నా, ఏది తాగినా, ముందు ఆ చెంచాతో నిప్పుకి పెట్టాకే మనుషులు ముట్టుకుంటారు. గౌరవానికి చెంచాడు చాలు. ఆమె చెంచా పట్టుకుని బహిలాయ్ వంక చూసింది. బహిలాయ్ చెంచా వంక చూశాడు, పాత బకెట్టు వంక చూశాడు, గట్టిగా నిట్టూర్చాడు.

"నేను గొడ్లసావిట్లో ఆవుల్ని చూసొస్తా. ఏమైనా కలిపితే నేను చూడలేదు," అని టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు.

ఒంటరిగా మిగిలాక ఆమె పాతదాన్ని ఒక్క చెంచాడు తీసి కొత్తదాంట్లో వంచింది. నల్లటి తీగలా దిగి, కాసేపు తిరిగి, కలిసిపోయింది. ఇప్పుడేదైనా చెప్పాలి. ఇన్నాళ్ళూ బతిమాలిన నోరు ఇప్పుడు సిగ్గుపడింది. చివరికి, "రేపు ఏరు దాటాలి," అంది. "నాకిక్కడే ఉండాలని ఉంది," అని కూడా అంది. ఇంకేం తోచలేదు. మిగిలిన పాత ఆయిలుని గుడ్డతో తలుపు బందులకి పట్టించి, వంటపనిలో పడింది.

తెల్లారి ఆయిలు పోసి బండి లేపి, ఏదో మరిచిపోయి లోపలికొచ్చి మళ్ళీ హడావుడిగా బయల్దేరబోతే తలుపు తెరుచుకోలేదు. లాగింది, తన్నింది. టోపీ బల్ల మీదే ఉందని అప్పుడు చూసుకుంది. పెట్టుకోగానే తలుపు చప్పుడు లేకుండా తెరుచుకుంది.

బండిలో ఇద్దరే ఎక్కారు. కళ్ళ డాక్టరు దగ్గరికి పోవాల్సిన ఓక్సూన్యా అవ్వ, పెద్దూరి బళ్ళో పనున్న ఒక మాస్టారు. మిగతావాళ్ళు, మొదటి రోజు కదా, తమ ఇళ్ళ కిటికీల్లోంచి చూస్తున్నారు. మంచుపొగలో ఇళ్ళు సగం సగం కనిపిస్తున్నాయి. బండి ఊరు దాటింది. దుకాణం దగ్గర నెమ్మదించలేదు. ఐతాలినా అద్దంలోంచి దాని వంక ఒకసారి చూసుకుంది.

ఒడ్డు దగ్గర ఆగింది. ఎప్పుడూ ఆగే చోటే, అలాగే. ఇంజను తిరుగుతోంది, గేరు పడింది, చక్రం కదల్లేదు. మాస్టారు తన సంచి సర్దుకున్నాడు, దిగడం అలవాటే అన్నట్టు. ఐతాలినాకి ఆవులూ, ఇల్లూ, పొయ్యీ అన్నీ ఒక్కసారి కళ్ళముందు మెదిలాయి. అదంతా తన చేతులారా, ఒక్క చెంచాతో పోగొట్టుకుందా?

"కూర్చో మాస్టారూ, తొందరేముంది?" అంది ఓక్సూన్యా అవ్వ. ఒళ్ళోని మూట విప్పి, ఒక అట్టు ముక్క తుంచి, అద్దం కాస్త దించి, నదికి మొదటి ముద్దగా విసిరింది.

ఐతాలినా గ్లౌజు తీసి స్టీరింగు మీద చెయ్యి పెట్టింది. బకెట్టు ముందు రానివన్నీ ఇప్పుడు రెండు మాటలుగా వచ్చాయి. "భయపడకు. చూసుకుని వెళ్తాను."

బండి ఒకసారి వణికి, మెల్లిగా ఒడ్డు దిగింది.

మంచు మీద టైర్ల చప్పుడు మారింది. దారి గుర్తుకి బాట పక్కన పాతిన కొమ్మలు ఒక్కొక్కటే వచ్చి వెనక్కి పోతున్నాయి. నది సగం దాటాక, ముందు నున్నగా, తెల్లగా, ఏ లోపమూ లేని బాట మీద బండి మళ్ళీ టక్కున ఆగింది. ఈసారి ఐతాలినా బతిమాల్లేదు. ఇనపకడ్డీ తీసుకుని దిగింది. నాలుగడుగులు వేసి పొడిచింది. కడ్డీ మంచులోకి జారి, కింద నీళ్ళ చప్పుడు చేసింది. మంచుపలక చీలి, నీరు పైకెక్కి, దాని మీద కొత్త మంచు తెరలా పరుచుకుని ఉంది. ఆమె కొంతసేపు అలాగే నిలబడి ఆ రంధ్రంలోంచి లేస్తున్న ఆవిరిని చూసింది. తర్వాత పక్కకి నడిచి, గట్టి మంచు వెతుక్కుంటూ, బాట పక్క కొమ్మల్నే పీకి అక్కడ పాతి, వెనక్కొచ్చి ఎక్కింది. బండి ఆ కొమ్మల వెంట, చెప్పినట్టల్లా నడిచింది.

అవతలి ఒడ్డు మీద పెద్దూరి పొగలు కనపడ్డాక ఓక్సూన్యా అవ్వ ముందుకి వంగింది.

"ద్యోగోర్‌ని మొత్తం తీసెయ్యలేదన్నమాట."

"లేదవ్వా. ఒక్క చెంచాడు ఉంచాను."

అవ్వ వెనక్కి వాలి, మూటలోంచి ఇంకో అట్టు తీసి, ఈసారి తనే కొరికింది.

"చాల్లే," అంది నములుతూ. "మొగుడు ఆ మాత్రం ఉంటే చాలు."