వేళ్ళకి సెలవు

వీసా ఆఫీసులో వేలిముద్రలు తీసే గాజు పలక మీద పెద్దమ్మాయి నాలుగు వేళ్ళూ ఆనించింది. ఎర్ర లైటు వెలిగింది. కౌంటరులో ఆవిడ పలకని మెత్తటి గుడ్డతో తుడిచి, "గట్టిగా నొక్కమ్మా" అంది. నొక్కింది. మళ్ళీ ఎరుపే. చెయ్యి మార్చినా అంతే.

"ఏదీ, వేళ్ళిలా చూపించు." ఆవిడ చూసి మొహం చిట్లించింది. "ఇవేం వేళ్ళమ్మా? మచ్చలు తప్ప గీతన్నది లేదు. ఏం పని చేస్తావు?"

"జీడిపిక్కలు కొడతానండి. పిక్క పగలగానే రసం చిమ్ముతుంది. అది చర్మాన్ని తినేస్తుందండి."

వెనక వరుసలో నిలబడ్డ పెద్దమనిషొకడు పక్కవాడితో, "నుదుట రాత లేనివాళ్ళని చూశాను గానీ వేళ్ళకి గీత లేనివాళ్ళని ఇప్పుడే చూస్తున్నా" అన్నాడు. నలుగురూ నవ్వారు. ఏం చేయాలో తోచక పెద్దమ్మాయి కూడా నవ్వింది.

కౌంటరావిడ నవ్వలేదు. "వచ్చే నెల ఇంకోసారి రా. అదే ఆఖరు. అప్పటికీ ముద్రలు పడకపోతే నీ దరఖాస్తు వెనక్కి పోతుంది. అందాకా పని మానెయ్. చేతులకి నూనె పట్టించు. కొత్త చర్మం వస్తే గీతలు వాటంతటవే వస్తాయి."

పరాయిదేశపు యూనివర్సిటీ ఫీజు లేకుండా సీటిచ్చింది. హాస్టలూ, విమానం టికెట్టూ వాళ్ళే చూసుకుంటామన్నారు. ఇంతా వచ్చి, పని కాస్తా ఆమె వేలికొసల దగ్గర ఆగింది.

తండ్రి పోయాక ఆ ఇంటికి అన్నం పెట్టేవి జీడి షెడ్డులో రెండు పీటలు. ఒకటి అమ్మది, రెండోది పెద్దమ్మాయిది. పెద్దమ్మాయి పని మానాలంటే షెడ్డు మేస్త్రి ఒప్పుకోవాలి. మేస్త్రి చుట్ట నోట్లోంచి తీయకుండానే తేల్చేశాడు.

"నీ కూతురు ఆకాశంలోకి ఎగురుతుందో, పాతాళంలోకి దిగుతుందో నాకనవసరం. ఖాళీ పీట చూస్తే నాకు కళ్ళు మండుతాయి. ఎవరినైనా కూర్చోబెట్టు. లేదా వేరేవాళ్ళకిచ్చేస్తా."

అమ్మ ఇంటికొచ్చి చెప్పులు విడుస్తూనే అంది: "ఈ నెల చిన్నది కూర్చుంటుంది."

చిన్నమ్మాయి ఇంకా బళ్ళో చదువుతోంది. లెక్కల పంతులు దాన్ని చూపించి మిగతా పిల్లల్ని తిడతాడు. వద్దమ్మా అనబోయింది పెద్దమ్మాయి. మాట నాలిక చివరిదాకా వచ్చింది. ఒళ్ళో ఉన్న చేతులకేసి చూసుకుని, మింగేసింది.

"నాకేం బాధ లేదు, అక్క వెళ్ళిపోతే దాని మంచం నాదే" అంది చిన్నమ్మాయి. దానికింకా జీడి సంగతి తెలియదు.

ఆ మర్నాటి నుంచి పెద్దమ్మాయి చేతులకి రాజభోగం మొదలైంది. అమ్మ మంచి నూనె తెచ్చి గిన్నెలో పోసింది. పూటపూటా వేళ్ళకి పట్టించి పాత చీర ముక్కలు చుట్టింది. అంట్లు లేవు, బట్టలుతకడం లేదు, ఆఖరికి జడ కూడా అమ్మే వేసేది. పక్కింటావిడ గుమ్మంలోంచి తొంగిచూసి, "పెళ్ళికూతురికైనా ఇన్ని సేవలుండవమ్మా!" అని బుగ్గలు నొక్కుకుంది.

చిన్నమ్మాయి మొదటిరోజు సాయంత్రం చేతులు గాల్లో ఊపుకుంటూ వచ్చింది. బొటనవేలి దగ్గర పొక్కు లేచింది. అరచేతుల నిండా నల్లటి చుక్కలు. తిన్నగా నూనె గిన్నె దగ్గరికి పోయింది.

"ఆగక్కడ!" అమ్మ అరిచింది. "ఆ నూనె అక్కది."

"మంటమ్మా. కాస్త రాసుకుంటా."

"షెడ్డులో చేతులకి రాసుకోవడానికి ఆముదం, బూడిద ఇవ్వలేదూ?"

"అయిపోయాయన్నాడు మేస్త్రి."

"రేపు ముందుగా వెళ్ళి అడుగు. అందరికీ మొదట్లో మంటే. అదే మొద్దుబారుతుంది."

తర్వాత అమ్మ నీళ్ళకి వెళ్ళింది. ఇంట్లో ఇద్దరే మిగిలారు. చిన్నమ్మాయి అడగలేదు, గిన్నెకేసి చూసిందంతే. పెద్దమ్మాయి కూడా చూసింది. నూనె అడుక్కి దిగింది. గుడ్డ చుట్టిన చేత్తోనే, కష్టమ్మీద, గిన్నె మీద మూత జరిపింది.

"దుమ్ము పడుతుందని" అంది.

"అవునులే" అంది చిన్నమ్మాయి. "పడుతుంది."

రోజులు గడిచేకొద్దీ చిన్నమ్మాయి ఏడవడం మానేసి హాస్యాలాడటం నేర్చుకుంది. వేళ్ళతో కలుపుకోలేక చెంచాతో తింటూ, "మనింట్లో ఇద్దరు దొరసానులు" అనేది. "అక్కా, ముక్కు దురద పెడుతోందా? గోకనా? నా చేత్తో గోకితే ముక్కే ఊడొస్తుంది, మరి నీ ఇష్టం." ఒక సాయంత్రం అక్క చేతి గుడ్డ విప్పి, తన చెయ్యి పక్కన పెట్టి చూసింది. "నీకు గీతలొస్తున్నాయి, నాకు పోతున్నాయి. మన ఇంటి సొమ్మేలే, బయటికైతే పోలేదు."

పెద్దమ్మాయికి ఆ మాట గుచ్చుకుంది. కానీ వెంటనే గుడ్డ తీసిన వేలిని వెలుగుకి తిప్పి చూసుకుంది. సన్నగా, సాలెపోగుల్లా గీతలు. నిజంగానే వస్తున్నాయి. లోపల ఎగిరి గంతేయాలనిపించింది. చెల్లెలు అక్కడే కూర్చుని ఉండటం విసుగనిపించింది.

రెండోసారి వీసా ఆఫీసులో పచ్చ లైటు వెలిగింది. మళ్ళీ మళ్ళీ వెలిగింది. పది వేళ్ళలో ఒక్కటీ తప్పిపోలేదు. "చూశావా, పనికి సెలవిస్తే ఎంత బాగయ్యాయో!" అని కౌంటరావిడ సంబరపడింది. కొన్నాళ్ళకి వీసా అంటించిన పాస్‌పోర్టు ఇంటికొచ్చింది. చిన్నమ్మాయి దాన్ని దూరం నుంచే చూసి, ఆ రాత్రికే బడిసంచీ దులిపి పెట్టుకుంది.

పొద్దున్నే మేస్త్రి గుమ్మంలో నిలబడ్డాడు. ఎన్నడూ లేంది, నవ్వుతున్నాడు.

"నీ చిన్నదాని వేళ్ళు సన్నమమ్మా. పిక్కలోంచి పప్పు పగలకుండా గుండ్రంగా వస్తోంది. నీ పెద్దది సగం బద్దలే చేసేది. దీన్ని మాత్రం మానిపించకు."

ఆయన వెళ్ళాక అమ్మ బడిసంచీని మేకుకి తగిలించింది.

"నెలే అన్నావుగా!" చిన్నమ్మాయి గొంతు కీచుమంది. "అక్కా, నువ్వు చెప్పు."

"చెప్పవే పెద్దదానా" అంది అమ్మ. ఆమె గొంతులో కోపం లేదు, లెక్క ఉంది. "అది బడికి పోతే పీట మీద ఎవరు కూర్చోవాలి? నేనొక్కదాన్నే రెండు పీటల మీద కూర్చోలేను. నువ్వుండిపోతానంటే చెప్పు, ఇప్పుడే సంచీ దింపుతాను."

చిన్నమ్మాయి అక్క మొహంలోకి చూస్తోంది. పెద్దమ్మాయి పాస్‌పోర్టు మూసి, అట్ట మీద లేని దుమ్ము తుడిచింది.

"అమ్మ చెప్పినట్టు విను" అంది.

చిన్నమ్మాయి గోడకున్న షెడ్డు గుడ్డ తీసి నడుముకి చుట్టుకుని వెళ్ళిపోయింది.

ప్రయాణం ముందురోజు పెద్దమ్మాయి మంచం మీద కొత్త బట్టలు పరుచుకుని పెట్టె సర్దుకుంటోంది. షెడ్డు నుంచొచ్చిన చిన్నమ్మాయి తెల్ల చొక్కా మడత పెట్టబోయింది.

"చెయ్యి కడుక్కున్నావా?"

"కడిగానక్కా. ఇది కడిగితే పోయేది కాదుగా."

"అయితే ముట్టుకోకు. మచ్చ పడుతుంది."

చిన్నమ్మాయి చొక్కా వదిలేసి, చేతులు వెనక్కి కట్టుకుని గోడకానుకుంది. అక్కణ్ణుంచే, "సబ్బు పెట్టావా?" అంది. "దువ్వెన? కిటికీలో ఉందక్కా, మర్చిపోయేవు."